తీగకూ తీగకూ నడుమ

మీ ముందు కంప్యూటర్ కీబోర్డు ఉంటే ఎడమచేతి వేళ్లు నాలుగూ ఎ, ఎస్, డి, ఎఫ్ మీటల మీద ఆనించండి. ఒక మీట నడిమి నుంచి పక్కమీట నడిమికి దూరం 19 మిల్లీమీటర్లు, అంటే ముప్పావు ఇంచీ. చిన్న లాప్‌టాప్‌లను పక్కన పెడితే దాదాపు అన్ని కీబోర్డుల మీదా ఇదే కొలత. ఇప్పుడు ఆ నాలుగు మీటల స్థానంలో నాలుగు లావుపాటి తీగలు బిగించి కట్టినట్టు ఊహించుకోండి. మామూలు నాలుగు తీగల బేస్ గిటారు మీద, తీగలు గిటారు ఒంటి మీద ఆనే బ్రిడ్జి దగ్గర, కుడిచేతి వేళ్ల కింద ఉండే ఏర్పాటు అదే. తీగకూ తీగకూ నడుమ 19 మి.మీ. లావు నుంచి సన్నానికి ఆ తీగల పేర్లు ఇ, ఎ, డి, జి.

మన పాత లెక్కలో మూరకు 24 అంగుళాలు. ఆ అంగుళం ఇంచీ కాదు, వేలి వెడల్పు. మూరను అడుగున్నర అనుకుని భాగిస్తే ఒక్కో అంగుళం మళ్లీ ముప్పావు ఇంచీయే తేలుతుంది. కీబోర్డులు చేసినవాడూ, గిటార్లు చేసినవాడూ, మూరవేసి గుడ్డ కొలిచినవాడూ ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నారని నేననను. ముప్పావు ఇంచీ స్కేలు మీద తేలిగ్గా దొరికే కొలత కావడం కూడా ఒక కారణం కావచ్చు. కానీ పెట్టిన ప్రతి కొలతా నిలవదు. ఇది నిలిచిందంటే మనిషి వేలు దానికి ఒప్పుకుంది గనకే.

ఆ ఒప్పందం ఎంత సున్నితమైందో మొన్న వేసవిలో మా మేనల్లుడి పుణ్యమా అని తెలిసింది. వాడు సికింద్రాబాదులో ఒక చర్చి క్వయర్‌లో బేస్ వాయిస్తాడు. బేస్ అంటే గుర్తుపట్టనివాళ్లకు ఒక ఆనవాలు: ఇళయరాజా పాటల్లో గొంతుకీ వయొలిన్లకీ అడుగున, పాట పాడుకుంటున్నప్పుడు మనకు తెలియకుండానే నోటితో ‘డుం డుం’ అంటామే, అది. మూడేళ్లు నా పాత నాలుగు తీగల గిటారు మీద నేర్చుకుని, ఎక్కడో సెకండ్ హ్యాండులో అయిదు తీగలది కొనుక్కున్నాడు. వారం తిరక్కుండా దాన్ని భుజానికి తగిలించుకుని మా ఇంటికొచ్చాడు.

“మామయ్యా, చెయ్యి నాది కానట్టుంది. జి మీంచి ఎ తీగకి దిగుదామంటే వేలు పోయి ఇ మీద పడుతోంది. గిటారులో ఏదో తేడా ఉంది.”

“గిటారులో కాదురా, స్కేలు పట్రా” అన్నాను.

కొలిచాం. పాతదాని మీద బ్రిడ్జి దగ్గర ఎడం 19 మి.మీ. కొత్తదాని మీద పదహారున్నర. తేడా రెండున్నర మిల్లీమీటర్లు. రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పేర్చినంత మందం కూడా లేదు. వాడు నమ్మలేదు. “ఇంత చిన్నదానికా?” అన్నాడు. నేను అప్పటికి సమాధానం చెప్పలేక టీ తాగమన్నాను. తరవాత కూర్చుని లెక్క వేసుకుంటే, అది చిన్నది కాదని తేలింది.

*

ఈనాటి బేస్ గిటారు 1951లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రూపుదిద్దుకుంది. అంతకుముందు బేస్ అంటే మనిషంత ఎత్తున్న డబుల్ బేస్; నిలబెట్టి, పక్కన నిలబడి వాయించాలి. రేడియోలు బాగుచేసే షాపుతో జీవితం మొదలుపెట్టిన లియో ఫెండర్ దాన్ని గిటారు ఆకారంలోకి కుదించి, వీణకున్నట్టు మెట్లు, అంటే ఫ్రెట్లు, వేసి, మెడలో తగిలించుకునేట్టు చేశాడు. స్వరం కచ్చితంగా పలుకుతుందని ప్రెసిషన్ బేస్ అని పేరుపెట్టాడు. దాని తీగ మోగే పొడవు 34 ఇంచీలు, అంటే 864 మి.మీ. ఈనాటికీ ఎక్కువ బేస్‌లకు అదే పొడవు.

మెడ చివర తీగలు గాళ్లలో కూర్చునే చిన్న పట్టీని నట్ అంటారు. ప్రెసిషన్ బేస్ నట్ వెడల్పు సుమారు 44.5 మి.మీ. తొమ్మిదేళ్ల తరవాత, 1960లో, ఫెండర్ జాజ్ బేస్ తెచ్చాడు. దాని నట్ 38 మి.మీ. మాత్రమే. మెడ సన్నబడింది, ఎడమచేయి హాయిగా ఊపిరి పీల్చుకుంది. కానీ బ్రిడ్జి దగ్గర ఎడం మాత్రం దాదాపు ఉన్నచోటనే ఉండిపోయింది. అంటే ఎడమచేతికి ఒక కొలత, కుడిచేతికి ఇంకో కొలత. గిటార్ల షాపులో ఎవరైనా “దీని ఎడం 19” అని చెబితే అది సగం మాటే. ఆ సంఖ్య బ్రిడ్జిది. మిగతా సగం నట్ దగ్గర ఉంటుంది, దాన్ని ఎవరూ అడగరు.

బేస్ తీగలు సమాంతరంగా ఉండవు. నట్ నుంచి బ్రిడ్జి వైపు విసనకర్ర పుల్లల్లా కొద్దికొద్దిగా విచ్చుకుంటూ వస్తాయి. జాజ్ బేస్ లెక్కే చూద్దాం. నట్ అంచుల్లో కాస్త చోటు వదిలేస్తే తీగల నడుమ ఎడం సుమారు పదిన్నర మి.మీ. మిగులుతుంది. బ్రిడ్జి దగ్గర 19. సరిగ్గా మధ్యలో, పన్నెండో ఫ్రెట్ మీద, పద్నాలుగు ముప్పావు. కుడిచెయ్యి తిరిగే మేరలో కూడా ఈ విచ్చుకోవడం సాగుతూనే ఉంటుంది. బ్రిడ్జికి 6 సెంటీమీటర్ల దగ్గర మీటితే వేలి కింద ఎడం 18.4 మి.మీ., 15 సెంటీమీటర్ల దగ్గర 17.5, ఇంకా ముందుకెళ్లి ఇరవయ్యో ఫ్రెట్ అంచున మీటితే 16.3.

ఇక్కడ నేను కాసేపు ఆగిపోయాను. ఒకే గిటారు మీద చెయ్యి అటూ ఇటూ జరిగితేనే రెండు మిల్లీమీటర్లు మారుతోంది. ఆ మార్పుకు మా వాడి వేళ్లు మూడేళ్లుగా కిక్కురుమనలేదు. మరి కొత్త గిటారు మీద దాదాపు అంతే తేడాకి ఎందుకు తబ్బిబ్బు పడుతున్నాయి? నాకు తోచిన జవాబు ఇది: చెయ్యి బ్రిడ్జి వైపు జరిగినప్పుడు మోచెయ్యి వెనక్కి పోతుంది, తీగ గట్టిగా తగులుతుంది, శబ్దం పదునెక్కుతుంది. ఇన్ని గుర్తులు ‘ఇక్కడ ఎడం ఎక్కువ’ అని వేళ్లకు ముందే చెప్పేస్తాయి. కొత్త గిటారు మీద గుర్తులన్నీ పాతవే, ఎడం ఒక్కటే కొత్తది.

తీగ గట్టిగా తగలడం అన్నాను కదా, అది భ్రమ కాదు. ఒక్కో బేస్ తీగ దాదాపు 20 కిలోల బిగువుతో ఉంటుంది. దాన్ని పక్కకి 3 మి.మీ. లాగాలంటే బ్రిడ్జికి 15 సెంటీమీటర్ల దూరంలో అరకిలో బలం సరిపోతుంది. 6 సెంటీమీటర్ల దూరంలో కిలో దాటుతుంది. బట్టలారేసే తాడును మేకు పక్కన నొక్కి చూసి, తరవాత నడిమధ్య నొక్కి చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. ఇరుకు తీగల గిటారు కొన్నవాళ్లకు “బ్రిడ్జి దగ్గరకి జరిగి వాయించు, ఎడం పెరుగుతుంది” అని సలహా ఇస్తుంటారు. నిజమే, ఎడం పెరుగుతుంది. మా వాడి అయిదు తీగల దాని మీద 15 సెంటీమీటర్ల దగ్గర నుంచి 6కి జరిగితే 15.3 నుంచి 16 అవుతుంది. ముప్పావు మిల్లీమీటరు కూడా లేని ఆ లాభానికి వేలు రెట్టింపు పైన బలం పెట్టాలి. బేరం గిట్టదు.

*

ఎడం తగ్గితే వేలు ప్రయాణించాల్సిన దూరం తగ్గుతుంది కదా, వేగం పెరగాలి కదా అని అడగవచ్చు. 1954లో పాల్ ఫిట్స్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఇలాంటి ప్రశ్ననే పరీక్షకు పెట్టాడు. రెండు లోహపు పలకల మధ్య ఒక పుల్లను అటూ ఇటూ ఆడిస్తూ వీలైనంత వేగంగా పలకలను తాకమన్నాడు. పలకల మధ్య దూరం పెరిగితే పని నెమ్మదించింది, పలక వెడల్పు పెరిగితే వేగం పుంజుకుంది. అసలు విశేషం వేరే ఉంది. కష్టాన్ని తేల్చేది దూరం ఒక్కటే కాదు, దూరానికీ గురి వెడల్పుకీ ఉన్న నిష్పత్తి. రెండూ ఒకే పాళ్లలో తగ్గితే కష్టం మారదు. జానెడు దూరంలోని చిన్న గిన్నె మూత మీద వేలు పెట్టడమూ, బెత్తెడు దూరంలోని రూపాయి బిళ్ల మీద పెట్టడమూ ఇంచుమించు ఒకే ఎత్తు.

తీగలకు ఈ సూత్రాన్ని పట్టిస్తే, ఎడం తగ్గించడం వల్ల లాభమూ నష్టమూ చెల్లుకు చెల్లు కావాలి. కానీ తీగలు దగ్గరైనంత మాత్రాన వేలు సన్నబడదు. పెద్దవాళ్ల చూపుడువేలి కొన 16 నుంచి 20 మి.మీ. వెడల్పు ఉంటుంది. 16 మి.మీ. వేలే అనుకుందాం. 19 మి.మీ. ఎడంలో పక్క తీగకు తగలకుండా ఆ వేలు తన తీగకు అటూ ఇటూ 11 మి.మీ. దాకా జరగవచ్చు. పదహారున్నరలో ఎనిమిదిన్నర. 12 మి.మీ. ఎడమైతే నాలుగే. ప్రయాణం మూడో వంతు పైచిలుకు తగ్గింది, తప్పు చేసే స్వేచ్ఛ మాత్రం దాదాపు మూడింట రెండొంతులు పోయింది. నిజానికి వేలి గుండ్రటి కొన మాత్రమే తీగను తాకుతుంది కాబట్టి పరిస్థితి ఈ లెక్కంత కఠినంగా ఉండదు. అయినా మొగ్గు ఎటో తెలుస్తూనే ఉంది.

1961లో ఫెండరే బేస్ సిక్స్ అని ఒక వాద్యం తెచ్చాడు. గిటారులాగే ఆరు తీగలు, కానీ ఒక స్థాయి కింద పలుకుతాయి. తీగలు కూడా గిటారు మీద ఉన్నంత దగ్గరగా ఉంటాయి. పిక్ అనే ప్లాస్టిక్ ముక్క పట్టి మీటేవాళ్లకు అది ముచ్చటగా ఉంటుంది, ఎందుకంటే ఆ ముక్కకు వేలికున్న వెడల్పు లేదు. వేళ్లతో మీటే బేసిస్టులు దాన్ని పెద్దగా దరిచేర్చుకోలేదు.

ఇంకో సంగతి ఉంది. బేస్‌ను వేళ్లతో మీటేటప్పుడు వేలు గాలిలోకి లేవదు. తీగను దాటి వచ్చి పక్కనున్న లావు తీగ మీద వాలుతుంది. పై స్వరం నుంచి కింది స్వరానికి దిగేటప్పుడు అదే వేలిని అలాగే లాగేస్తే, వాలిన తీగ తరవాతి స్వరం పలుకుతుంది. డెట్రాయిట్ మోటౌన్ స్టూడియోలో 1962 నాటి ప్రెసిషన్ బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే అంత కథ నడిపించాడు. ఇలా ఈడ్చే పద్ధతికి ఇరుకు ఎడమే అనుకూలం. వాలే దూరం తక్కువ, వాలిన తీగ మోగకుండా ఆపడమూ తేలిక. కాబట్టి ఇరుకు ఎడాన్ని తిట్టిపోయడం నా ఉద్దేశం కాదు.

కాని స్లాప్ వాయించేవాళ్లను అడగండి, వాళ్ల తిట్లు వేరేగా ఉంటాయి. 1960లలో లారీ గ్రాహమ్ శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో తల్లితో కలిసి క్లబ్బుల్లో వాయించేవాడు. డ్రమ్మర్ లేడు. ఆ లోటు తీర్చడానికి బొటనవేలితో లావు తీగను కొట్టి పెద్ద డ్రమ్ము చప్పుడు, చూపుడువేలితో సన్నతీగను కిందనుంచి లాగి వదిలి స్నేర్ డ్రమ్ము చప్పుడు పుట్టించాడు. అదే స్లాప్. ఈ లాగడానికి వేలు రెండు తీగల నడుమ దూరాలి. ఈ పని జరిగేది ఎక్కడ? మెడ చివర, ఇరవయ్యో ఫ్రెట్ దగ్గర. అంటే కుడిచేతి మేరలో తీగలు అన్నిటికన్నా ఇరుకుగా ఉండేచోట. 19 మి.మీ. అని అమ్మిన గిటారు మీద కూడా అక్కడ నడిమి దూరం 16.3, డి, జి తీగల మందం తీసేస్తే వేలికి మిగిలే సందు 15 మి.మీ. లోపే. మా వాడి అయిదు తీగల గిటారు మీద అదే చోట 13 మి.మీ. వేలు నిలువునా దూరదు, పక్కకి తిప్పి దూర్చాలి. స్లాప్ వాయించేవాళ్లు 19 మీద ఎందుకు అంత పట్టుదలగా ఉంటారో ఈ సందే చెబుతుంది.

*

ఎడమచేతి కథ దీనికి పూర్తిగా ఎదురు. దానికి ఎడం ఎక్కువైతేనే ఇబ్బంది. మెడ కింద నుంచి వచ్చి, బొటనవేలిని వెనక ఆనించి, మిగతా వేళ్లతో తీగల మీదికి చేరాలి. సన్నతీగ జి నేల వైపు, అరచేతికి దగ్గరగా ఉంటుంది. లావుతీగ ఇ పైన, దూరంగా ఉంటుంది. అయిదు తీగల గిటారులో దానికీ పైన బి. మెడ వెడల్పయ్యే కొద్దీ పై తీగలను అందుకోవడానికి మణికట్టు ముందుకు వంగుతుంది.

మణికట్టు వంగితే ఏమవుతుందో ఇప్పుడే చూసుకోవచ్చు. అరచేయి మీ ముంజేతి వైపు వచ్చేలా మణికట్టును బాగా లోపలికి మడవండి. అలాగే ఉంచి పిడికిలి బిగించండి. బిగియదు. వేళ్లను ముడిచే కండరాలు వేళ్లలో లేవు, ముంజేతిలో ఉన్నాయి. స్నాయువులనే తాళ్లతో అవి వేళ్లను లాగుతాయి. మణికట్టు మడిచేసరికి ఆ తాళ్లు వదులవుతాయి, కండరం ఎంత కుంచించుకున్నా వేలి దాకా బలం పూర్తిగా చేరదు. వదులైన చేదతాడుతో నీళ్లు తోడినట్టే. పైగా అలాంటి తాళ్లు తొమ్మిది, వాటితోపాటు ఒక ముఖ్యమైన నరం, మణికట్టులో ఒకే ఇరుకు సొరంగం గుండా పోతాయి. మణికట్టు వంగినకొద్దీ ఆ సొరంగంలో ఒత్తిడి పెరుగుతుంది. గంటసేపు వాయించాక బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కుతుంటే దాన్ని సాధనలో భాగమనుకుని సర్దుకోకూడదు. గిటారు పట్టీ బిగించి వాద్యాన్ని పైకి జరపడం మొదటి పని; అయినా తగ్గకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లడం రెండోది. వేదిక మీద గిటారును మోకాళ్ల దాకా వేలాడదీసే ఫ్యాషన్ ఎవరు మొదలుపెట్టారో గాని, వాళ్ల మణికట్టుకు నా సానుభూతి.

ఎడమచేతికి మరో ఇబ్బంది కూడా ఉంది, అది మెడ పొడవునా. 34 ఇంచీల తీగ మీద మొదటి ఫ్రెట్ నుంచి నాలుగో ఫ్రెట్ దాకా 13 సెంటీమీటర్లు. అసలే నాలుగు వేళ్లూ విప్పార్చి అంతదూరం పరచిన చేతికి అడ్డంగా కూడా చాచమంటే కోపం రాదా? అందుకే జాజ్ బేస్ సన్నటి మెడను చిన్న చేతులవాళ్లు అంతగా ఇష్టపడతారు. మెడ దగ్గర తగ్గిన ఆరు మిల్లీమీటర్లను మూడు ఎడాలూ రెండేసి చొప్పున పంచుకుంటాయి. ఆ రెండూ మణికట్టు వంపులో తెలుస్తాయి.

అయిదో తీగ వచ్చేసరికి రెండు చేతుల తగవూ బయటపడింది. 1976లో జిమ్మీ జాన్సన్ అనే బేసిస్టు అలెంబిక్ కంపెనీతో అడుగున బి తీగ ఉన్న బేస్ చేయించుకున్నాడు. కాలక్రమాన ఆ బి తీగే స్థిరపడిపోయింది. అది సెకనుకు 31 సార్లు కూడా కంపించదు; వినడం కన్నా కడుపులో తెలియడమే ఎక్కువ. అయిదు తీగలను 19 మి.మీ. ఎడంలో పరిస్తే మొదటి తీగ నుంచి చివరి తీగకు 76 మి.మీ., సరిగ్గా మన బెత్తెడు, నాలుగు వేళ్ల వెడల్పు. ఆరు తీగలైతే 95. కుడిచేతికి అది బాగానే ఉంటుంది గాని ఎడమచేతికి మెడ కాదు, పీట పట్టుకున్నట్టుంటుంది. అందుకే తయారీదారులు ఎవరికి తోచిన రాజీ వాళ్లు చేసుకున్నారు. ఇబానెజ్ ఎస్‌ఆర్, వార్విక్ కార్వెట్ లాంటివి పదహారున్నర దగ్గర ఆగాయి. 1987లో వచ్చిన మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రే ఫైవ్ పదిహేడున్నర దగ్గర నిలిచింది. 19కే కట్టుబడి మెడను వెడల్పు చేసినవాళ్లూ ఉన్నారు. ఏది సరైందని ఎవరూ తేల్చలేరు. ఏ చేతిని ముందు సంతోషపెట్టాలన్నదే తేడా.

*

మళ్లీ మా మేనల్లుడి దగ్గరికి వద్దాం. రెండున్నర మిల్లీమీటర్లు చిన్నవి కావని ఎందుకన్నానో చెప్పాలి.

పక్కపక్క తీగల మధ్య వేలు మారినప్పుడు తప్పు రెండున్నరే. వేలి వెడల్పులో అది కలిసిపోతుంది. కానీ వాడు జి మీంచి ఎ మీదికి దూకుతున్నాడు. మధ్యలో డి ఉంది. రెండు ఎడాలు, కాబట్టి అయిదు మి.మీ. తప్పు. జి నుంచి ఇ కి దూకితే ఏడున్నర, అంటే కొత్త గిటారు ఎడంలో దాదాపు సగం. వేలు ఇ కీ బి కీ నడుమ, ఎవరూ లేనిచోట దిగుతుంది. తప్పు దూరంతో పాటు పేరుకుపోతుంది. దుకాణంలో గిటారు పరీక్షించేటప్పుడు అందరూ పక్కపక్క తీగల మీద సరళి వాయించి చూస్తారు. అక్కడ ఏ తేడా తెలియదు. దూకుళ్లు వాయిస్తే తెలుస్తుంది.

దీనికి బొటనవేలు కూడా కారణమే. వాడు బొటనవేలిని తీగల కింద శబ్దాన్ని పట్టే పికప్ మీద ఒకేచోట ఆనించి మిగతా వేళ్లను ఆడిస్తాడు. కొలతంతా ఆ ఒక్క చోటు నుంచే మొదలవుతుంది కాబట్టి చివరి తీగ దాకా తప్పు పోగవుతూ వస్తుంది. ఇంకో పద్ధతిలో బొటనవేలు తీగల మీదనే తేలుతూ, మీటే వేలి వెంట అదీ పైకీ కిందికీ నడుస్తుంది. వెనకబడ్డ తీగలన్నీ దాని కింద నోరు మూసుకుని ఉంటాయి. అప్పుడు వేలికి కొలత ఎక్కడో దూరపు పికప్ నుంచి కాదు, పక్కనున్న బొటనవేలి నుంచే. అయిదు తీగలు, ఆరు తీగలు వాయించేవాళ్లలో ఈ అలవాటు ఎక్కువ కనిపించడం వింతేమీ కాదు.

ఇంకొకటి, మేమిద్దరం కొలిచినప్పుడు నాకే ఆశ్చర్యమేసింది. ఎడాలన్నీ సమానమని స్కేలు చెబుతున్నా, నట్ దగ్గర బి, ఇ తీగలు ఒకదాన్నొకటి రాసుకుంటున్నట్టు కనిపించాయి. తీగల మందమే దీనికి మూలం. బి తీగ 3.3 మి.మీ. లావు, జి తీగ 1.1. నడిమి నుంచి నడిమికి సమానంగా కొలిస్తే లావు తీగల నడుమ ఖాళీ తక్కువ మిగులుతుంది. వాడి గిటారు మీద బి, ఇ ల మధ్య సుమారు 6.6 మి.మీ. ఖాళీ, డి, జి ల మధ్య 8.2. బ్రిడ్జి దగ్గర ఎడం పెద్దది కాబట్టి ఈ తేడా పెద్దగా లెక్కలోకి రాదు. నట్ దగ్గర మాత్రం వేలికి కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. చెయ్యి తిరిగిన పనివాళ్లు నట్ గాళ్లు కోసేటప్పుడు నడిమి దూరాలు కాకుండా ఖాళీలు సమానంగా వచ్చేట్టు కోస్తారు. నట్ మార్చడం పెద్ద ఖర్చు కాదు. ఎడమచేతికి ఇరుకనిపించినవాళ్లు మొత్తం గిటారు అమ్మేయడానికి ముందు ఒకసారి ఇది చేయించి చూడవచ్చు.

బ్రిడ్జి వైపు కూడా కాస్త వెసులుబాటు ఉంది. కొన్ని బ్రిడ్జిల్లో తీగ కూర్చునే చిన్న చక్రం అడ్డంగా జరుగుతుంది. పాత ఫెండర్ తరహాలో మరచుట్ల లాంటి గాళ్లుంటాయి. తీగను ఒక గాడిలోంచి పక్క గాడిలోకి మార్చుకోవచ్చు. కానీ ఎక్కువ జరిపితే చివరి తీగలు మెడ అంచుకు చేరతాయి, వేలు కాస్త గట్టిగా లాగితే తీగ ఫ్రెట్ మీంచి జారి కిందపడుతుంది. ఒక్కో తీగ కింద ఒక్కో అయస్కాంతం ఉన్న పికప్ అయితే, తీగ అయస్కాంతం మీంచి పక్కకి పోయి శబ్దం సన్నగిల్లుతుంది కూడా. జాజ్ బేస్ పికప్‌లో ఒక్కో తీగకు రెండేసి అయస్కాంతాలు పెట్టారు. తీగ వాటి నడుమ ఉంటుంది కాబట్టి అటూ ఇటూ కొంచెం ఒరిగినా గొంతు తగ్గదు.

తీగల అమరికను చేతికి తగ్గట్టు మార్చుకోవడం మనవాళ్లకు కొత్త కాదు. పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించాలనుకున్నప్పుడు మొదటి అడ్డంకి తీగలే. మాండొలిన్ తీగలు జంటలుగా, నాలుగు జతల్లో ఉంటాయి. గమకం కోసం తీగను పక్కకి లాగాలంటే జంటను కలిపి లాగాలి, రెండూ శ్రుతి తప్పకూడదు. ఆయన జంటలు తీసేసి ఒంటి తీగలు అయిదింటిని పెట్టిన విద్యుత్ మాండొలిన్ వాయించాడు. బేస్ మీద తీగను లాగడం చాలా తక్కువ, కాబట్టి ఆ సమస్య మనకు లేదు. కానీ ఈ సంగతి చెప్పాక మా వాడి మొహం కాస్త తేటపడింది.

ఇంతకీ గిటారు కొనబోయేవాళ్లు ఎలా కొలవాలి? తీగ అంచు నుంచి పక్క తీగ అంచుకు కొలిస్తే మందాలు వేరు కావడం వల్ల లెక్క తప్పుతుంది. నాలుగు తీగల గిటారు మీద మొదటి తీగ బయటి అంచు నుంచి చివరి తీగ బయటి అంచు దాకా ఒకేసారి కొలవండి. ఆ రెండు తీగల మందంలో సగాలు, అంటే దాదాపు 2 మి.మీ., తీసేసి మూడుతో భాగించండి. ఇదే పని నట్ దగ్గరా, బ్రిడ్జి దగ్గరా, మీరు మామూలుగా మీటే చోటా చెయ్యండి. మూడో అంకె కోసమే ఈ తంటా అంతా. నేనైతే షాపుకు వెళ్లేటప్పుడు కేటలాగు కన్నా నా స్కేలునే నమ్ముతాను. షాపువాళ్ల చూపులు భరించాల్సి వస్తుంది, అంతే.

మా వాడు గిటారు అమ్మలేదు. బొటనవేలిని తీగల మీదికి మార్చుకున్నాడు, రోజూ పావుగంట జి నుంచి ఇ కి, ఇ నుంచి జి కి దూకుళ్లు వాయించాడు. మొదటి వారం క్వయర్‌లో రెండుసార్లు తప్పు స్వరం కొట్టి అందరిచేతా వెనక్కి తిరిగి చూపించుకున్నాడట. ఆరు వారాల తరవాత ఒక ఆదివారం సాయంత్రం వచ్చి, మాటల మధ్యలో, మూలనున్న నా పాత నాలుగు తీగల గిటారును తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఒక దూకుడు వాయించాడు. వేలు ఇ దాకా చేరకుండా ఎ దగ్గరే ఆగిపోయింది.

“ఏంటి మామయ్యా,” అన్నాడు తీగల వంక అనుమానంగా చూస్తూ, “దీని బ్రిడ్జి ఏమైనా మార్పించావా?”